సెల్ఫ్ ప్రొపెల్డ్ లాన్ మూవర్: ఇంజిన్ సంగతి తర్వాత, మొదట వెనక చక్రం చూడండి

హనుమకొండ నుంచి కరీంనగర్ వైపు, ఇటు హైదరాబాద్ రోడ్డు వైపు లాన్ ఉన్న ఫంక్షన్ హాళ్లు పెరిగాయి. వాటితోపాటు స్టోరు రూములో పాత కుర్చీల వెనక మూలకు పడ్డ లాన్ మూవర్లూ పెరిగాయి. అలాంటి మిషన్‌ను బయటికి తీసి తాడు రెండుసార్లు గుంజితే చాలాసార్లు ఇంజిన్ అందుకుంటుంది, బ్లేడూ తిరుగుతుంది. లివర్ నొక్కితే మాత్రం చక్రాలు కదలవు. నలభై కిలోల బరువును మే నెల ఎండలో రోజంతా తోయడం ఎవరి వల్లా కాదు. మాలి రెండు రోజులు చూసి మళ్లీ బ్రష్ కట్టర్ భుజానికేసుకుంటాడు.

షాపులో మాత్రం సేటు చెప్పేదీ, కొనేవాళ్లు అడిగేదీ ఒక్కటే: ఎన్ని హెచ్‌పీ, ఎన్ని సీసీ? సెల్ఫ్ ప్రొపెల్డ్ మిషన్‌లో, అంటే ఇంజిన్ బలంతో తనంతట ముందుకు నడిచే మిషన్‌లో, ముందు మొరాయించేది ఇంజిన్ కాదు, చక్రాలను తిప్పే డ్రైవ్. బెల్టు, కేబులు, గేర్ బాక్సు, చక్రం లోపలి పినియన్ అనే చిన్న పళ్ల చక్రం. ఈ నాలుగూ ఎలా ఉన్నాయి, పోతే ఎక్కడ దొరుకుతాయి అన్నదాని మీదే మిషన్ ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది ఆధారపడి ఉంటుంది.

అసలు ఇది అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండు మూడు గుంటల లాన్‌కు సెల్ఫ్ ప్రొపెల్డ్ దండగ. కరెంటుతో నడిచే చిన్న తోపుడు మిషన్ చాలు, మలుపుల్లో అదే తేలిక కూడా. నాలుగైదు గుంటలు దాటితే లెక్క మారుతుంది. 21 అంగుళాల మిషన్ కోత వెడల్పు 53 సెంటీమీటర్లు. వరస మీద వరస కొంచెం ఎక్కించి కోయాలి కాబట్టి చేతికొచ్చేది 43 దాకానే. గంటకు మూడున్నర కిలోమీటర్ల నడకతో కాగితం మీద 15 గుంటలు వస్తాయి. మలుపులు, గడ్డి సంచి ఖాళీ చేయడం తీసేస్తే 9, 10 గుంటలు నిజం. అంటే ఎకరానికి నాలుగు గంటలు, తొమ్మిది కిలోమీటర్లకు పైగా నడక. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్‌కు మిషన్ తోసుకుంటూ పోయినట్టే. ఆ దూరం తోయాల్సిన పనిలేకుండా చేస్తుందనే సెల్ఫ్ ప్రొపెల్డ్‌కు అదనంగా డబ్బు పెడతాం.

ఇక ఆ చక్రం సంగతి.

వెనక చక్రాన్ని విప్పితే లోపలి అంచు చుట్టూ పళ్లుంటాయి. గేర్ బాక్సు నుంచి వచ్చే సన్నటి షాఫ్టు చివర బొటనవేలంత పినియన్ ఉంటుంది, అది ఆ పళ్లను తిప్పుతుంది. ఆ పినియన్ లోపల ఒక చిన్న ఇనుప కీ ఉంటుంది. ముందుకు తిప్పితే పట్టుకుంటుంది, చక్రం షాఫ్టు కంటే వేగంగా పోతే జారనిస్తుంది. సైకిల్ ఫ్రీవీల్ చేసే పనే ఇది. మలుపులో బయటి చక్రం వేగంగా తిరగగలిగేది దీనివల్లే. పచ్చి గడ్డి రసం, చెల్క నేల సన్న ఇసుక కలిసి ఈ పళ్ల మధ్య చేరి సాన పట్టే పేస్టులా తయారవుతాయి. చౌక మిషన్లలో చక్రం పళ్లు మెత్తటి ప్లాస్టిక్, పైన దుమ్ము మూత ఉండదు. ఒక వానాకాలం గట్టిగా వాడితే పళ్ల మొనలు గుండ్రంగా అరిగిపోతాయి. అప్పటి నుంచి ఎగుడు మీద 'టక టక' చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వచ్చిందంటే పళ్లు దాటుతున్నాయని అర్థం.

అందుకే కొనేముందు షాపులోనే ఒక చక్రం విప్పించండి. పది నిమిషాల పని, కాదనే షాపులో కొనకపోవడమే మేలు. చూడాల్సినవి మూడు. పినియన్ ఇనుముదా, నైలాన్‌దా. చక్రం వెనక దుమ్ము ఆపే మూత ఉందా. చక్రం బాల్ బేరింగ్ మీద తిరుగుతుందా, ఉత్త ప్లాస్టిక్ బుష్ మీదా. బుష్ అరిగితే చక్రం ఊగుతుంది, ఊగితే పినియన్ పళ్లు సగమే అందుతాయి, అక్కడి నుంచి అరుగుదల రెట్టింపు.

విప్పిన చక్రాన్ని మళ్లీ బిగించేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. షాఫ్టు చివరి లాక్ తీయగానే వాషరు, పినియన్ బయటికొస్తాయి, వాటి వెంట ఆ చిన్న కీ జారి గడ్డిలో పడుతుంది. కింద పాత గుడ్డ పరిచి విప్పాలి. చాలా మోడళ్లలో కుడి పినియన్, ఎడమ పినియన్ వేరువేరు. అటుదిటు వేస్తే మిషన్ ముందుకు కదలదు, మెకానిక్ మాత్రం "అన్నా, గేర్ బాక్సే పోయింది" అంటాడు. పళ్లకు గ్రీజు దట్టంగా పూయడం ఇంకో అలవాటు. బయటికి తెరిచి ఉన్న పళ్ల మీద గ్రీజు ఉంటే ఇసుక దానికే అంటుకుంటుంది. పళ్లను బ్రష్షుతో శుభ్రం చేసి పొడిగా వదలాలి. గ్రీజు ఇరుసుకు, బుష్‌కు చాలు.

మిషన్ నడవనప్పుడు గేర్ బాక్సు మీద అనుమానం చివరికి రావాలి. ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేయండి. వెనక భాగం ఎత్తి, డ్రైవ్ లివర్ నొక్కి పట్టుకుని, ఒక్కో చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పండి. రెండూ బిగుసుకుంటే పినియన్లు బాగున్నట్టే. ఒకటి బిగుసుకుని ఇంకోటి ఊరికే తిరిగితే, తిరిగే వైపు కీ గానీ పళ్లు గానీ పోయాయి. చిన్న రిపేరు. రెండూ ఊరికే తిరిగితే కేబులు సాగిందేమో చూడాలి. హ్యాండిల్ దగ్గరో గేర్ బాక్సు దగ్గరో కేబులుకు మరతో కూడిన అడ్జస్టర్ ఉంటుంది. నాలుగు చుట్లు తిప్పితే ఎన్నో "పోయిన" మిషన్లు లేచి నడుస్తాయి. చక్రాలు బిగుస్తున్నా, ఇంజిన్ ఆన్ చేశాక చదునులో నడిచి ఎగుడులో ఆగి రబ్బరు వాసన వస్తే బెల్టు జారుతున్నట్టు. ఇవన్నీ సరిగా ఉండి, బెల్టు పుల్లీ తిరుగుతున్నా షాఫ్టు తిరగకపోతేనే గేర్ బాక్సు జోలికి పోవాలి.

బెల్టు గురించి ఒక మాట. పిండి గిర్నీ బెల్టులమ్మే షాపులో కొలత సరిపోయే వీ-బెల్టు దొరుకుతుంది, ధర కూడా తక్కువ. కానీ లాన్ మూవర్ బెల్టు లివర్ నొక్కినప్పుడల్లా కొంచెం జారి పట్టుకోవాలి, వెనక వైపు నుంచి ఒత్తే చిన్న చక్రానికీ తట్టుకోవాలి. అందుకని దానిలో అరమిడ్ అనే గట్టి దారం వేస్తారు. మామూలు బెల్టు వేస్తే వేడెక్కి సాగుతుంది, అంచులు విచ్చుకుంటాయి. కొన్న రోజే ఒరిజినల్ బెల్టు ఇంకోటి తీసి పక్కన పెట్టుకోండి.

వేగం ఒక్కటే ఉన్న మిషన్లు వానాకాలంలో బెల్టును తింటాయి. గడ్డి దట్టంగా ఉన్నచోట మెల్లగా పోవాలి. గేరు లేదు కాబట్టి మనిషి లివర్‌ను సగం నొక్కి నడుపుతాడు. ఆటో డ్రైవర్ హాఫ్ క్లచ్ మీద ట్రాఫిక్‌లో నిలబడటం లాంటిదే ఇది, కాలేది క్లచ్చో బెల్టో. పది గుంటలు దాటిన లాన్‌కు వేగం మార్చుకునే మోడల్ తీసుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది. ఇంకోటి, లివర్ వదిలిన వెంటనే మిషన్‌ను వెనక్కి గుంజొద్దు. పినియన్ల లోపలి ఆ ఇనుప కీలు ఇంకా పట్టుకునే ఉంటాయి, గుంజితే చక్రాలు లాక్ అయి లాన్‌ను గీరుతాయి. ఒక జానెడు ముందుకు తోసి, అప్పుడు వెనక్కి లాగాలి. మాలికి మొదటి రోజే చేసి చూపించాల్సిన విషయం ఇది.

ముందు చక్రాల డ్రైవా, వెనకదా? చెట్లు, కుండీలు ఎక్కువున్న చదును లాన్‌లో ముందు డ్రైవ్ సుఖం, హ్యాండిల్ కొంచెం కిందికి నొక్కితే చక్రాలు లేస్తాయి, మిషన్ తేలిగ్గా తిరుగుతుంది. అదే దాని లోపం కూడా. సంచి నిండేకొద్దీ బరువు వెనక్కి పడుతుంది, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఏటవాలు ఉన్నా, సంచి కట్టి కోసినా వెనక డ్రైవే. ఫంక్షన్ హాల్లో కోసిన గడ్డి లాన్ మీద మిగలకూడదు, సంచి తప్పదు, కాబట్టి అక్కడ రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇప్పుడు ఇంజిన్. హోండా నిలువు షాఫ్టు ఇంజిన్లలో జీఎక్స్‌వీ, జీసీవీ అని రెండు వరసలు. షాపులో రెండింటినీ "హోండా ఇంజినే" అని ఒకే గాటన కడతారు. జీసీవీ ఇంటి వాడకానికి చేసింది, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు పైన ఉంటుంది, దాన్ని తిప్పేది లోపలి టైమింగ్ బెల్టు. జీఎక్స్‌వీ 160 అన్నది 163 సీసీ, సిలిండర్‌లో పోత ఇనుము స్లీవు, రోజూ నడిపే పనికి తయారైంది. వారానికి ఒకరోజు రెండు గంటలు నడిపే ఇంటికి జీసీవీ తరగతి చాలు. బడి మైదానం, ఫంక్షన్ హాలు, గేటెడ్ కాలనీ అయితే జీఎక్స్‌వీ తరగతే తీసుకోవాలి. మన దేశంలో హోండా అమ్మే హెచ్‌ఆర్‌జె 216 ఈ ఇంజిన్‌తోనే వస్తుంది, కోత 21 అంగుళాలు. ధరా ఎక్కువే, బరువూ ఎక్కువే. అయినా పది గుంటలు దాటిన లాన్‌కు మా ఓటు దానికి, లేదా అదే తరగతి ఇంజిన్, ఇనుప పినియన్ ఉన్న ఇంకో మిషన్‌కు.

అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో అక్కడి రివ్యూలు పంపి "నాన్నా, ఇదే కొను" అనడం ఇప్పుడు మన దగ్గర మామూలైంది. వాళ్లు చెప్పే హోండా హెచ్‌ఆర్‌ఎక్స్ 217, హెచ్‌ఆర్‌ఎన్ 216 మంచి మిషన్లే, కాదనడానికి లేదు. కానీ అమెరికా మార్కెట్ కోసం ఇలాంటి పెట్రోలు లాన్ మూవర్లు చేయడం హోండా 2023లోనే ఆపేసింది. తెలిసినవాళ్ల ద్వారా ఎలాగో తెప్పించుకున్నా, చక్రం పినియన్ పోయిన రోజు హనుమకొండలో ఎవరిని అడుగుతారు? స్పేరు దొరకని మంచి మిషన్ కంటే, సికింద్రాబాద్ రాణీగంజ్‌కు ఫోన్ చేస్తే ఆర్టీసీ కార్గోలో మర్నాటికల్లా బస్టాండుకు పార్టు వచ్చే మధ్యరకం మిషన్ మేలు. కొనేముందు నాలుగు పార్టుల పేర్లు రాసుకుని ధర, స్టాకు అడగండి: బ్లేడు, డ్రైవ్ బెల్టు, డ్రైవ్ కేబులు, వెనక పినియన్ జత. నాలుగింటికీ "తెప్పిస్తాం సార్" అనే జవాబే వస్తే ఆ షాపు మిషన్ అమ్మడం వరకే.

పెట్టె విప్పిన రోజే చనిపోయే మిషన్లూ ఉన్నాయి. కొత్త లాన్ మూవర్ చాలావరకు ఆయిల్ లేకుండా వస్తుంది. పెట్రోలు పోసి తాడు గుంజితే కొన్ని నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది. ఆయిల్ తగ్గితే తనంతట ఆగే సెన్సర్ ఈ చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఉండదు. దీనికి ఉల్టా తప్పు, లీటరు డబ్బా మొత్తం పోసేయడం. 160 సీసీ ఇంజిన్‌కు పట్టేది అర లీటరుకు కొంచెం పైన. ఎక్కువైతే తెల్ల పొగ, ఎయిర్ ఫిల్టర్‌లో ఆయిల్. కాబట్టి డిప్‌స్టిక్ చూస్తూ కొంచెం కొంచెం పోయాలి. జీఎక్స్‌వీ 160కైతే మొదటి ఆయిల్ 20 గంటలకో నెలకో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. రామగుండం, మంచిర్యాల ఎండల్లో ఇంజిన్ 10డబ్ల్యూ-30 రకం ఆయిల్‌ను కొంచెం ఎక్కువే తాగుతుంది, కాబట్టి ఎండాకాలం తాడు గుంజే ప్రతిసారీ లెవెల్ చూడాలి.

ఎయిర్ ఫిల్టర్‌లో పేపరు ఒక్కటే ఉన్న మిషన్ కంటే పైన ఫోమ్, లోపల పేపరు ఉన్నది మన దుమ్ముకు తగినది. ఫోమ్‌ను సబ్బు నీళ్లలో పిండి, ఆరాక నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ పిండాలి. పేపర్ ఫిల్టర్‌ను పంక్చర్ షాపుకు తీసుకుపోయి గాలి కొట్టించే అలవాటు మానాలి. 30 పీఎస్ఐ దాటిన గాలి కాగితానికి కంటికి కనపడని చిల్లులు పెడుతుంది. అక్కడి గొట్టంలో గాలి అంతకంటే ఎన్నో రెట్లు గట్టిగా వస్తుంది.

పెట్రోలు ఇప్పుడు కొత్త తలనొప్పి. బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం ఇథనాల్. పాత ఇంజిన్ల పుస్తకాల్లో చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకున్నారు, కాబట్టి కొనే మోడల్ పుస్తకంలో ఇ20 అని రాసి ఉందో లేదో చూడండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, వానాకాలం నెల రోజులు ట్యాంకులో నిలిస్తే నీరు విడిపడి కార్బరేటర్ గిన్నె అడుగున చేరుతుంది. అప్పుడు ఇంజిన్ చోక్ మీద మాత్రమే నడుస్తుంది, లేదా ఆర్‌పీఎం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. గిన్నె కింది బోల్టు విప్పి, నీరు వదిలేసి, పెట్రోలు వచ్చే సన్న రంధ్రాన్ని (మెయిన్ జెట్) కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో శుభ్రం చేస్తే తిరిగి దారికొస్తుంది. సూది పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు తాగడం మొదలుపెడుతుంది. పదిహేను రోజులు వాడరనుకుంటే పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజిన్ తనంతట ఆగేదాకా నడిపి వదలండి.

మన నేలలో బ్లేడు బతుకు వేరు. చెల్కల్లో మొరం, పలుగు రాళ్లు, కొత్త లాన్లలో కాంట్రాక్టరు వదిలేసిన కంకర. బ్లేడు రాయికి కొడితే దెబ్బ నేరుగా బ్లేడును తిప్పే ఇంజిన్ క్రాంక్ షాఫ్టుకు పోతుంది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్లలో ఫ్లైవీల్ దగ్గర మెత్తటి లోహపు చిన్న కీ ఉంటుంది, గట్టి దెబ్బ తగిలితే అది కోసుకుపోయి ప్లగ్ స్పార్క్ టైమింగ్ తప్పుతుంది. తాడు వెనక్కి తన్నడం, ఎన్నిసార్లు గుంజినా స్టార్ట్ కాకపోవడం దాని గుర్తులు. కొన్ని లేత్ షాపుల్లో ఆ కీ బదులు గట్టి ఇనుప ముక్క అరగదీసి కొడతారు. అప్పటికి మిషన్ నడుస్తుంది. ఇంట్లో ఫ్యూజు బదులు మందపాటి తీగ చుట్టినట్టే కదా, మళ్లీ రాయి తగిలితే ఈసారి కీ బదులు ఫ్లైవీలో షాఫ్టో పోతుంది.

బ్లేడు సాన 25 గంటలకొకసారి అని చెప్తారు, చెల్కలో ఇంకా ముందే కావాలి. కోసిన మర్నాడు గడ్డి కొసలు గోధుమ రంగుకు తిరిగితే బ్లేడు కోయట్లేదు, చింపుతోంది. దాదాపు 30 డిగ్రీల పాత కోణాన్నే పట్టించాలి, అంచు నీలం తిరిగేదాకా గ్రైండర్ ఆనిస్తే ఉక్కు పదును పోతుంది, మధ్యమధ్య నీళ్లలో ముంచాలి. తర్వాత బ్లేడు నడిమి రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడండి. ఒక వైపు వాలితే ఆ వైపు ఇంకొంచెం తీయాలి. సమతూకం లేని బ్లేడు హ్యాండిల్‌ను వణికిస్తుంది, కొన్నాళ్లకు కింది ఆయిల్ సీలు కారుతుంది. బ్లేడు బోల్టు టార్క్ (బిగింపు బలం) హోండాకు 49 నుంచి 59 న్యూటన్ మీటర్లు, మామూలు పానాతో గట్టిగా బిగించే మనిషికి అందేదే, కానీ గొట్టం తొడిగి వేలాడొద్దు. మిషన్ వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్, కార్బరేటర్ పైకి ఉండాలి. కిందికి వంచితే ఆయిల్ ఫిల్టర్‌లోకి దిగుతుంది.

ఎత్తు లివర్ ఒక్కటే ఉండి నాలుగు చక్రాలూ కలిసి లేచే మోడల్ కొంచెం ఖరీదు. నాలుగు చక్రాలకూ నాలుగు లివర్లుంటే ఒకటి మర్చిపోతారు, లాన్ మెట్లు మెట్లుగా వస్తుంది. నర్సరీల్లో సెలెక్షన్ వన్ అని అమ్మే గరిక జాతికి 25 నుంచి 40 మిల్లీమీటర్ల కోత సరిపోతుంది. వానలకు ఎదిగిపోయిందని ఒకేసారి నేలకు దింపొద్దు, ఎత్తులో మూడో వంతుకు మించి తీస్తే ఎండకు తెల్లబడుతుంది. రేగడి నేల అయితే వాన పడ్డ రెండు రోజులు మిషన్ దింపకపోవడమే మంచిది, చక్రాలకు మట్టి ముద్దలు కట్టి పినియన్ దాకా పోతుంది.

బ్యాటరీ మిషన్లకు వస్తే, ఐదు గుంటల లోపు ఇళ్లకు బాగానే ఉంటాయి, పొగ లేదు, కార్బరేటర్ గోల లేదు. కోసి తెచ్చిన వేడి బ్యాటరీని వెంటనే చార్జింగుకు పెట్టొద్దు, ఎండాకాలం రేకుల షెడ్డులో అసలే ఉంచొద్దు. ఎకరం లాన్‌కు రెండు మూడు బ్యాటరీలు కొనాలి, అక్కడికి ధర పెట్రోలు మిషన్‌ను దాటిపోతుంది.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే నడిపి వేడిగా ఉంచారంటే స్టార్టింగ్ సమస్య దాస్తున్నారనుకోవచ్చు. ప్లగ్ క్యాప్ తీసి, మిషన్ వంచి, బ్లేడు కొసకు ఎదురుగా డెక్ (బ్లేడును కప్పే రేకు) అంచు మీద ఒక గుర్తు పెట్టండి. బ్లేడును చేత్తో సగం చుట్టు తిప్పి, రెండో కొసను అదే గుర్తు దగ్గరికి తెచ్చి ఎత్తు పోల్చండి. తేడా కనిపిస్తే బ్లేడన్నా వంగింది, షాఫ్టన్నా వంగింది. కొత్త బ్లేడు వేసి చూసినా తేడా అలాగే ఉంటే షాఫ్టే, బేరం అక్కడే ఆపేయండి. డెక్ లోపల రంగు లేచి తుప్పు పెచ్చులు ఊడుతుంటే చెక్క ముక్కతో గట్టిగా పొడిచి చూడండి. రేకు లోపలికి పోతే దానికి వెల్డింగు నిలవదు. చక్రాల పళ్లు మాత్రమే అరిగి మిగతావన్నీ బాగుంటే, పినియన్లు, చక్రాల జత ధర కనుక్కుని ఆ మేరకు తగ్గించి అడగండి.